గడువు తేదీ వేసిన అప్పు

2025 జూన్ 28, శనివారం రాత్రి. వాషింగ్టన్‌లోని సెనేట్ సభామందిరంలో గుమస్తాలు ఒక బిల్లును మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. మొత్తం 940 పేజీలు. మామూలుగా అయితే బిల్లు చదివినట్టేనని అనుకుని సభ ముందుకు సాగుతుంది. ఈసారి డెమోక్రాట్ల నాయకుడు చక్ షూమర్ అందుకు ఒప్పుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ ఆదివారం మధ్యాహ్నం దాకా, దాదాపు 16 గంటలు చదివారు. ఆ తర్వాత సవరణల మీద ఓటింగ్ ఒక పగలూ ఒక రాత్రీ దాటి సాగింది. జులై 1, మంగళవారం లెక్క 50-50 దగ్గర ఆగినప్పుడు ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ తన ఓటు వేసి 51 చేశారు. మరో రెండు రోజులకు ప్రతినిధుల సభ 218-214తో సరేనంది. జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ సంతకం చేశారు. ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ అని ఆయన ముచ్చటపడి పిలిచిన బిల్లు అలా చట్టమైంది.

అమెరికా కాంగ్రెస్‌కు లెక్కలు కట్టి ఇచ్చే సంస్థ కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్. అది ఏ పార్టీ పక్షమూ కాదు. 2025 నుంచి 2034 దాకా ఈ చట్టం వల్ల పన్ను రాబడి 4.5 లక్షల కోట్ల డాలర్లు తగ్గుతుందని, ఖర్చు 1.1 లక్షల కోట్లు తగ్గుతుందని, మిగిలిన 3.4 లక్షల కోట్లు లోటుగా తేలుతుందని ఆ సంస్థ లెక్క. అప్పటికే దేశం నెత్తిన ఉన్న అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అప్పు పరిమితిని ఇంకో 5 లక్షల కోట్లు పెంచుకునే అనుమతి కూడా ఇదే చట్టంలో ఉంది. ఈ అంకెల చుట్టూ నడిచిన వాదమంతా ఒక పాత మూసలోనే సాగింది. ఒక పక్షం పొదుపు అంది, మరో పక్షం పేదలు అంది. ట్రంప్ గెలుపు కోసం కోట్లు కుమ్మరించిన ఎలాన్ మస్క్ సైతం ఈ బిల్లు అప్పును పెంచుతుందని బహిరంగంగా తిరగబడ్డారు. నాకు మాత్రం ఈ గొడవలో అసలు సంగతి మరుగున పడిందనిపిస్తుంది. అమెరికా అప్పు ఇంతగా పెరగడానికి ఆ దేశ ప్రజల ఆశలు పెద్దవి కావడం ఒక్కటే కారణం కాదు. పాతికేళ్లుగా రెండు పార్టీలూ తాము ఇచ్చే చాలా వరాలకు ఒక గడువు తేదీ వేసి, ఆ తేదీ చూపించి వరం ఖరీదును తక్కువ చేసి రాస్తూ వచ్చాయి. గడువు దగ్గర పడగానే ఇప్పుడు ఆపితే జనం నష్టపోతారని దాన్ని పొడిగిస్తూ వచ్చాయి. వరం ఖరీదు మొత్తంగా ఏ ఒక్క ఏడాదీ ఓటరు ముందుకు రాలేదు.

ఈ అలవాటుకు మూలం ఒక నియమంలో ఉంది, అదీ అప్పును అదుపు చేయడానికి పెట్టిన నియమమే. సెనేట్‌లో మామూలు బిల్లు గట్టెక్కాలంటే 100 మందిలో 60 మంది కలిసి రావాలి. 1974 బడ్జెట్ చట్టం ఒక పక్కదారి తెరిచింది. పన్నులు, ఖర్చులకు సంబంధించిన బిల్లును ‘రికన్సిలియేషన్’ పద్ధతిలో సాదా మెజారిటీతో నెగ్గించుకోవచ్చు. ఆ దారిని ఇష్టం వచ్చినట్టు వాడకుండా వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ 1985లో ఒక కట్టడి తెచ్చారు. బడ్జెట్ లెక్కించే కాలం దాటాక, అంటే ఇప్పటి ఆనవాయితీ ప్రకారం పదేళ్ల తర్వాత, ఆ బిల్లు లోటును పెంచకూడదు. ఉద్దేశం మంచిదే. కానీ పన్ను తగ్గించి, ఖర్చు తగ్గించకుండా ఈ కట్టడిని దాటాలంటే సులువైన ఉపాయం ఒకటుంది. తగ్గింపు పదేళ్ల లోపే ఆగిపోతుందని రాసేస్తే చాలు. 2001లో జార్జ్ డబ్ల్యూ. బుష్ పన్ను తగ్గింపులు 2010 చివరికి ముగిసిపోతాయని చట్టంలో రాసుకున్నారు. 2010 వచ్చేసరికి దేశం ఆర్థిక మాంద్యం దెబ్బ నుంచి తేరుకుంటోంది. పన్నులు పెంచే సమయం ఇదా అని రెండేళ్లు పొడిగించారు. 2013 జనవరిలో ఒబామా హయాంలో, పై అంతస్తు సంపన్నులను మినహాయించి చాలావరకు శాశ్వతం చేశారు. 2017లో ట్రంప్ తొలి విడత పన్ను చట్టం కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి శాశ్వతంగా దించింది. మామూలు మనుషుల ఆదాయపు పన్ను తగ్గింపులకు మాత్రం 2025 డిసెంబరు 31 గడువు పెట్టింది. ఎవరి తగ్గింపుకు గడువు వేశారో, ఎవరిదానికి వేయలేదో ఒక్కసారి చూడండి. కోట్లాది కుటుంబాల పన్ను పెరుగుతుందంటే ఏ కాంగ్రెసూ చూస్తూ ఊరుకోదని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

ఇక్కడ రిపబ్లికన్ల వాదనను దాని బలంతోనే చెప్పాలి. 2025లో మేం కొత్తగా ఇచ్చిందేమీ లేదు, జనం ఎనిమిదేళ్లుగా కడుతున్న పన్ను రేట్లనే కొనసాగించాం, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడాన్ని కొత్త అప్పు అని ఎలా అంటారన్నది వాళ్ల ప్రశ్న. సెనేట్ బడ్జెట్ కమిటీ అధ్యక్షుడు లిండ్సే గ్రాహం ఈ తర్కంతోనే లెక్క కట్టే కొలతను మార్చారు. చట్టంలో ఏమి రాసి ఉందో దాన్ని ప్రాతిపదికగా తీసుకునే పాత పద్ధతిని పక్కన పెట్టి, ఇప్పుడు ఏమి నడుస్తోందో అది ఎప్పటికీ నడుస్తుందన్న ఊహను ప్రాతిపదిక చేసుకున్నారు. ఆ కొలత ప్రకారం పాత తగ్గింపుల కొనసాగింపు ఖర్చు సున్నా. డెమోక్రాట్లు అభ్యంతరం చెబితే సభ 53-47తో గ్రాహం పక్షాన నిలిచింది. పైకి న్యాయంగానే కనిపించే ఈ వాదన 2017 దగ్గర కుప్పకూలుతుంది. అప్పుడు, తగ్గింపులు 2025లో ఆగిపోతాయి కాబట్టి ఆ తర్వాతి ఖర్చు లెక్కలోకి రాదన్నారు. ఇప్పుడు, అవి ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదంటున్నారు. మరి ఆ లక్షల కోట్లు ఏ సంవత్సరపు పద్దులో పడ్డాయి? ఏ పద్దులోనూ పడలేదు. మన రాష్ట్రాల్లో కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన రుణాలను రాష్ట్ర అప్పులో కలపాలా వద్దా అన్న తగాదాను ఏళ్ల తరబడి చూసిన తెలుగు పాఠకుడికి ఇది కొత్త విద్య కాదు. పద్దులో రాయకపోయినా వడ్డీ కట్టాల్సిందే.

గడువు తేదీలు ఖర్చును దాచడానికే కాక, ఎవరికి ఎప్పుడు నొప్పి తగలాలో నిర్ణయించడానికీ పనికొస్తాయి. ఈ చట్టంలో జనానికి నచ్చే అంశాలు కొన్నున్నాయి. హోటళ్లలో పనిచేసేవాళ్లకు వచ్చే టిప్పుల మీద 25,000 డాలర్ల దాకా, ఓవర్‌టైమ్ ఆదాయం మీద 12,500 డాలర్ల దాకా, 65 ఏళ్లు దాటినవాళ్లకు 6,000 డాలర్లు పన్ను లెక్కలో మినహాయింపు ఇచ్చారు. ఇవన్నీ 2025 సంవత్సరం నుంచే వర్తిస్తాయి, కాబట్టి ఫలం 2026 వసంతంలో రిటర్నులు వేసేటప్పుడే చేతికి అందుతుంది. కాంగ్రెస్ మధ్యంతర ఎన్నికలు 2026 నవంబరు 3న. పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో కొత్తగా పెట్టిన పని షరతుకు చివరి గడువు 2027 జనవరి 1. ఆహార సాయం ఖర్చులో రాష్ట్రాలు వాటా భరించడం 2027 అక్టోబరులో మొదలవుతుంది. మెడికెయిడ్ కోసం ఆసుపత్రుల నుంచి రాష్ట్రాలు వసూలు చేసుకునే పన్నుల మీద కోత కూడా అప్పటి నుంచే. కొత్త విధానం అమలుకు రాష్ట్రాలకు సమయం కావాలి, కంప్యూటర్ వ్యవస్థలు మార్చుకోవాలి అన్న జవాబు వినిపిస్తుంది, అందులో కొంత నిజముంది. కానీ ఇచ్చేవన్నీ ఎన్నికలకు ముందు, కోసేవాటిలో పెద్దవి ఎన్నికల తర్వాత రావడం కేవలం కంప్యూటర్ల ఇబ్బంది అంటే నమ్మడం కష్టం.

ఆ పని షరతును కాస్త దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే ఖర్చు తగ్గింపు అనే మాటకు నేల మీద అర్థమేమిటో అక్కడ తెలుస్తుంది. ఒంట్లో శక్తి ఉన్న పెద్దవాళ్లు నెలకు 80 గంటలు పని చేయాలి, లేదా చదువుకోవాలి, లేదా సేవ చేయాలి, అప్పుడే వైద్య బీమా ఇస్తామన్నది షరతు. వినడానికి అన్యాయమేమీ కాదు. అర్కన్సా రాష్ట్రం 2018 జూన్‌లో సరిగ్గా ఇదే మొదలుపెట్టింది. గంటల వివరాలను నెలనెలా వెబ్‌సైట్‌లో నమోదు చేయాలన్నారు. తొలి నెలల్లో అందుకు ఫోన్ దారి గానీ కాగితం దారి గానీ లేవు. ఆ వెబ్‌సైట్ రాత్రి 9 గంటలకు మూతపడి పొద్దున 7 గంటలకు తెరుచుకునేది. రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన కూలీ, ఇంట్లో ఇంటర్నెట్ లేని పల్లెటూరి మనిషి ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. ఆ ఏడాది ముగిసేలోగా 18,000 మందికి పైగా బీమా పోగొట్టుకున్నారు. 2019 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని ఆపేశారు. తర్వాత హార్వర్డ్ పరిశోధకులు చూస్తే పనిచేసేవాళ్ల సంఖ్య పెరిగిన జాడ లేదు. షరతు వర్తించే వయసువాళ్లలో నూటికి 95 మందికి పైగా అప్పటికే పని చేస్తున్నారు, లేదా మినహాయింపుకు అర్హులు. అంటే అక్కడ ఆదా అయిన డబ్బు సోమరుల నుంచి వచ్చింది కాదు, ఫారం నింపలేకపోయినవాళ్ల నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ షరతు దేశమంతటికీ వస్తోంది. మొత్తం చట్టం వల్ల 2034 నాటికి బీమా లేనివాళ్లు మరో కోటి మంది పెరుగుతారని బడ్జెట్ ఆఫీస్ అంచనా. ఇదే భయంతో నార్త్ కరోలైనా రిపబ్లికన్ సెనేటర్ థామ్ టిల్లిస్ బిల్లును వ్యతిరేకించారు. ట్రంప్ ఆయన మీద విరుచుకుపడ్డారు. మర్నాడే టిల్లిస్ తాను మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు.

ఇంత బాధ పెట్టి అప్పయినా తగ్గించారా అంటే అదీ లేదు. జనాభాను ఆదాయాన్ని బట్టి పది భాగాలు చేస్తే, అట్టడుగు భాగంలోని కుటుంబానికి ఈ చట్టం వల్ల ఏటా సగటున 1,200 డాలర్ల నష్టం, పై భాగంలోని కుటుంబానికి 13,600 డాలర్ల లాభం అని బడ్జెట్ ఆఫీస్ ఆగస్టులో తేల్చింది. పేదల మీద కోతలు సంపన్నుల తగ్గింపులో ఒక ముక్కకు సరిపోయాయి. మిగతాదంతా అరువు. పొదుపు కోసం కటువుగా ఉండక తప్పలేదని చెప్పే హక్కు పొదుపు చేసినవాళ్లకే ఉంటుంది. కెంటకీ ప్రతినిధి థామస్ మాసీ లాంటి కొద్దిమంది సంప్రదాయ రిపబ్లికన్లు ఇది అప్పు పెంచుతుందని చెప్పి, సొంత పార్టీ బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆయన రాజకీయాలతో చాలా విషయాల్లో నాకు పొత్తు కుదరదు. కానీ ఆ ఓటు గౌరవించదగ్గది.

ఇది ఒక పార్టీ పాపమేనంటే అబద్ధమవుతుంది. 2021లో బైడెన్ ‘బిల్డ్ బ్యాక్ బెటర్’ బిల్లు పిల్లలున్న కుటుంబాలకిచ్చే పెద్ద సాయానికి ఒక్క ఏడాదే గడువు వేసింది. అలా వేస్తేనే పదేళ్ల ఖరీదు చిన్నదిగా కనిపిస్తుంది. ఆ పథకాలన్నీ శాశ్వతమైతే ఎంతవుతుందని రిపబ్లికన్లు అడిగితే, లోటుకు 3 లక్షల కోట్ల డాలర్లు చేరుతుందని బడ్జెట్ ఆఫీస్ చెప్పింది. వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ జో మాంచిన్ ఈ లెక్కల తీరును తప్పుపట్టి ఆ బిల్లును ఆపారు. నాడు ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడు కెవిన్ మెకార్తీ దానికి వ్యతిరేకంగా 8 గంటల 32 నిమిషాలు మాట్లాడారు. 2025 జులైలో డెమోక్రాట్ నాయకుడు హకీం జెఫ్రీస్ 8 గంటల 44 నిమిషాలు మాట్లాడి ఆ రికార్డు దాటారు. కుర్చీలు మారాయి, వాదనలూ చేతులు మారాయి. ఒబామా కేర్ బీమా కొనుక్కునేవాళ్లకు 2021లో పెంచిన సబ్సిడీ కథా ఇంతే. మొదట రెండేళ్లకని ఇచ్చారు. 2022లో దాన్ని 2025 చివరి దాకా పొడిగించారు. గడువు దగ్గరపడేసరికి అదే పెద్ద పోరాటమై, అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. ఆ సబ్సిడీ మంచిదేనని నా నమ్మకం. మంచిదైతే దాని పదేళ్ల ఖరీదు మొదటి రోజే చెప్పి, అందుకు తగ్గ పన్ను వేసి ఉండాల్సింది. చౌకగా చూపించిన మంచి పనిని తర్వాత కాపాడుకోవడం ఎంత కష్టమో ఆ 43 రోజులు చూపించాయి.

పన్ను తగ్గిస్తే వ్యాపారం పెరుగుతుంది, వ్యాపారం పెరిగితే పన్ను రాబడి తనంతట తానే పెరుగుతుంది అన్నది మరో వాదన. 2017లో ఆర్థికమంత్రి స్టీవెన్ మ్నూచిన్ ఆ చట్టం తన ఖర్చు తానే రాబట్టుకుంటుందన్నారు. ఏం జరిగిందో లెక్కలున్నాయి. కంపెనీల పన్ను రాబడి 2017లో 29,700 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 20,500 కోట్లు. నిరుద్యోగం 4 శాతం దరిదాపుల్లో ఉన్న మంచి రోజుల్లో, లోటు తగ్గాల్సిన కాలంలో, అది 2017లోని 66,500 కోట్ల నుంచి 2019లో 98,400 కోట్లకు పెరిగింది. ఆ రెండేళ్లలో ఖర్చులు పెంచడానికీ రెండు పార్టీలు చేతులు కలిపాయి, కాబట్టి నింద మొత్తం పన్ను చట్టానిదే అనడం సరికాదు. 2022లో కంపెనీల రాబడి బాగా పుంజుకున్న మాటా నిజం. అయితే అప్పటికి ధరలూ లాభాలూ రెండూ ఎగబాకి ఉన్నాయి. వృద్ధి ఫలాన్ని కలుపుకుని కూడా ఆ చట్టం 11 ఏళ్లలో 1.9 లక్షల కోట్లు అప్పు పెంచుతుందని బడ్జెట్ ఆఫీస్ 2018లో తేల్చింది. 2025 బిల్లు విషయంలో ఈ వాదన ఇంకో మెట్టు దిగిపోయింది. ప్రతినిధుల సభ తొలుత నెగ్గించిన రూపానికి మామూలు లెక్కలో లోటు 2.4 లక్షల కోట్లు. వృద్ధిని, వడ్డీ రేట్ల మార్పును కలిపి చూస్తే అది 2.8 లక్షల కోట్లకు పెరిగింది. వృద్ధి తెచ్చే రాబడిని అప్పు తెచ్చే వడ్డీ మించిపోయింది. తగ్గింపు తన ఖర్చు తాను రాబట్టుకునే రోజులు ఎప్పుడైనా ఉన్నాయేమో గానీ, ఇంత అప్పు మీద అవి లేవు.

దిగుమతి సుంకాలు ఈ లోటును పూడ్చేస్తాయని ట్రంప్ పక్షం చెబుతోంది. సుంకాల రాబడి పెద్దదే, కాదనలేం. అయితే వాటిలో ఎక్కువ భాగం కాంగ్రెస్ చేసిన చట్టంతో రాలేదు, అధ్యక్షుడి ఉత్తర్వులతో వచ్చింది. ఒక ఉత్తర్వు పెంచింది మరో ఉత్తర్వు తగ్గించవచ్చు, ఒప్పందం కుదిరితే మాఫీ కావచ్చు, కోర్టు కొట్టేయవచ్చు. శాశ్వతంగా పోయే రాబడికి నిలకడ లేని రాబడిని జమ చూపడం మళ్లీ ఆ గడువు ఆటే.

అప్పుంటే ఏమైందని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. అమెరికా తన సొంత డాలర్లలోనే అప్పు చేస్తుంది, కాబట్టి దివాలా ప్రశ్నే రాదంటారు. జపాన్ అప్పు దాని జీడీపీకి రెట్టింపు దాటినా పడిపోలేదు కదా అంటారు. నిజమే, అమెరికా రేపు దివాలా తీస్తుందని చెప్పేవాళ్లు ముప్పై ఏళ్లుగా తప్పే చెబుతున్నారు. కానీ అప్పు కీడు ఎప్పుడూ ఒక్క దెబ్బలో కూలిపోయే రూపంలోనే రాదు. 2020లో అమెరికా ప్రభుత్వం కట్టిన నికర వడ్డీ 34,500 కోట్ల డాలర్లు. 2024లో 88,000 కోట్లు. ఆ ఏడాది రక్షణ శాఖకు పెట్టిన ఖర్చును వడ్డీ మించిపోయింది. వసూలైన ప్రతి 100 డాలర్లలో దాదాపు 18 డాలర్లు వడ్డీకే పోయాయి. ఆ డబ్బుతో ఒక్క బడి కట్టలేదు, ఒక్క రోగికి మందు ఇవ్వలేదు. 2020లో పదేళ్ల బాండ్ల మీద ఒక శాతం లోపు వడ్డీకి దొరికిన అప్పుకు 2025లో 4 శాతం పైన కట్టాల్సి వచ్చింది. పాత చౌక బాండ్లు ముగిసిన కొద్దీ కొత్త ఖరీదైన బాండ్లు వాటి చోట్లోకి వస్తాయి. జపాన్ అప్పులో అత్యధిక భాగం జపాన్‌వాళ్ల చేతుల్లోనే ఉంది, దశాబ్దాల పాటు అక్కడ వడ్డీ దాదాపు సున్నా. అమెరికా మార్కెట్లో అమ్మిన బాండ్లలో మూడో వంతుకు కాస్త తక్కువ విదేశీయుల దగ్గరుంది. 2022 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని లిజ్ ట్రస్ సొమ్ము ఎక్కడిదో చెప్పకుండా 4,500 కోట్ల పౌండ్ల పన్ను తగ్గింపులు ప్రకటిస్తే, బాండ్ల మార్కెట్ కొద్ది రోజుల్లోనే బెంబేలెత్తింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. నెల తిరక్కుండా ఆమె రాజీనామా ప్రకటించారు. బ్రిటన్‌ది కూడా సొంత కరెన్సీయే. అమెరికాకు రేటింగు సంస్థలు ఒక్కొక్కటిగా, 2011లో ఎస్ అండ్ పీ, 2023లో ఫిచ్, 2025 మే 16న మూడీస్ అత్యున్నత రేటింగు తీసేశాయి. మూడీస్ ఆ నిర్ణయం ప్రకటించిన వారంలోనే, మే 22న, ప్రతినిధుల సభ ఈ బిల్లును 215-214తో నెగ్గించింది.

ఈ కథ మన ఇళ్ల దాకా వస్తుంది. విదేశాల నుంచి మనవాళ్లు భారతదేశానికి పంపే డబ్బులో అమెరికా వాటా 2023-24లో 27.7 శాతమని, ఆ మొత్తంలో తెలంగాణకు 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం చేరుతోందని రిజర్వు బ్యాంకు సర్వే చెబుతోంది. ఈ బిల్లు తొలి ముసాయిదాలో, అమెరికా పౌరులు కానివాళ్లు స్వదేశానికి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను ఉంది. గుంటూరు, కరీంనగర్‌ల నుంచి వెళ్లి హెచ్-1బి మీద పనిచేస్తున్న పిల్లల తల్లిదండ్రులు ఆ కొన్ని వారాలు ఎంత కంగారు పడ్డారో చెప్పనక్కర్లేదు. అది 3.5 శాతమై, చివరికి 1 శాతానికి దిగింది. అదీ నగదు, మనీ ఆర్డరు లాంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. దీని వల్ల పదేళ్లలో వచ్చేది సుమారు 1,000 కోట్ల డాలర్లు. 4.5 లక్షల కోట్ల రాబడి నష్టం పక్కన పెట్టి చూస్తే అది కంటికి ఆనదు. సందర్శకులు, విద్యార్థులు, ఉద్యోగులు తీసుకునే వీసాలకు 250 డాలర్ల కొత్త రుసుమునూ ఇదే చట్టంలో రాశారు. ఓటు లేనివాడి జేబు వెతకడం ఎంత తేలికో ఈ రెండూ చెబుతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం వడ్డీ రేట్ల దారిలో వస్తుంది. అమెరికా బాండ్ల మీద రాబడి పెరిగితే మన మార్కెట్ల నుంచి విదేశీ పెట్టుబడి వెనక్కి మళ్లుతుంది. 2013లో బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు సూచనగా అన్నందుకే, మే నెలలో డాలరుకు 55 రూపాయల దగ్గరున్న మారకం ఆగస్టు చివరికి 68 దాటింది. పెట్రోలు, వంటనూనె, అమెరికాలో చదివే పిల్లల ఫీజులు ఒక్కసారే బరువెక్కాయి.

దారి లేదా అంటే ఉంది, ఆ దేశమే ఒకసారి నడిచిన దారి. 1990లో రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్, కొత్త పన్నులు వేయనన్న తన ఎన్నికల మాటను పక్కనపెట్టి, డెమోక్రాట్ల చేతిలో ఉన్న కాంగ్రెస్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఏ పన్ను తగ్గించినా, శాశ్వత పథకాల్లో ఏ ఖర్చు పెంచినా, దానికి సరిపడా సొమ్ము మరోచోట చూపాలన్న నియమం అప్పుడే చట్టమైంది. 1993లో క్లింటన్ బడ్జెట్ సంపన్నుల పన్ను రేటును 39.6 శాతానికి పెంచింది. ప్రతినిధుల సభలో 218-216, సెనేట్‌లో 51-50. అక్కడా గీత దాటించింది ఉపాధ్యక్షుడి ఓటే, అల్ గోర్‌ది. ఒక్క రిపబ్లికన్ కూడా కలిసి రాలేదు. 1992లో 29,000 కోట్ల డాలర్లున్న లోటు 2000 నాటికి 23,600 కోట్ల మిగులుగా మారింది. కంప్యూటర్ల విజృంభణ, ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక తగ్గిన సైనిక వ్యయం ఇందుకు బాగా కలిసొచ్చాయి. అదృష్టం వాటా పెద్దదే. కానీ వచ్చిన అదృష్టాన్ని చేజార్చుకోకుండా పట్టి ఉంచింది ఆ నియమం. అది 2002లో ముగిసింది. ఆ తర్వాత రెండు యుద్ధాలు, వృద్ధులకు మందుల పథకం, మరో విడత పన్ను తగ్గింపులు అన్నీ అప్పు మీదే నడిచాయి. 2010లో అలాంటి నియమాన్నే మళ్లీ తెచ్చారు. ఉల్లంఘిస్తే పథకాల్లో కోత పడాలి. ఆ కోత ఒక్కసారి కూడా అమలు కాకుండా కాంగ్రెస్ ప్రతిసారీ మాఫీ చేసుకుంటూ వచ్చింది.

అందుకే కొత్త నియమం కంటే కొత్త కొలత ముఖ్యమని నేననుకుంటాను. గడువు వేసిన ప్రతి పన్ను తగ్గింపునూ, ప్రతి పథకాన్నీ అది పదేళ్లూ కొనసాగుతుందన్న లెక్కతోనే మొదటి రోజు ఖరీదు కట్టాలి. నిజంగా ఆగిపోతే, ఆగిన రోజున ఆ పార్టీ పొదుపు కింద జమ చేసుకోవచ్చు. నిజమైన తాత్కాలిక అవసరాలకు, మాంద్యంలోనో మహమ్మారిలోనో చేసే ఖర్చుకు, ఇది అడ్డవుతుందన్న అభ్యంతరం వస్తుంది. అలాంటి వేళ 60 ఓట్లతో మినహాయింపు ఇవ్వవచ్చు. 2020 మార్చిలో కోవిడ్ సాయానికి 2.2 లక్షల కోట్ల డాలర్ల బిల్లు సెనేట్‌లో ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా నెగ్గింది. నిజమైన ఆపద వస్తే ఓట్లు దొరుకుతాయి. ఇలాంటి కొలతను తమ మీద తామే ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. 1990 ఒప్పందం చేసుకున్న బుష్ 1992లో ఓడిపోయారు. 1993లో క్లింటన్ బడ్జెట్‌కు ఓటు వేసిన పెన్సిల్వేనియా ప్రతినిధి మార్జొరీ మార్గొలీస్-మెజ్విన్‌స్కీ మరుసటి ఏడాది సీటు పోగొట్టుకున్నారు. ఆ ధర కట్టడానికి ముందుకొచ్చేవాళ్లెవరో తేలే రోజు ఒకటి ఇప్పటికే చట్టంలో రాసి ఉంది. టిప్పులు, ఓవర్‌టైమ్, వృద్ధుల మినహాయింపులకు 2025 చట్టం వేసిన గడువు 2028 డిసెంబరు 31. అధ్యక్ష ఎన్నిక అదే ఏడాది నవంబరు 7న. బడ్జెట్ ఆఫీస్ పద్దులో ఆ మినహాయింపులు ఆ ఏడాదితో ఆగిపోయినట్టే ఉంది.